చిటిక పురుగు, తీగపురుగు, మిణుగురు: గుళికలు వేసే ముందు వాడిన మొక్కను పీకి చూడండి

మీరు రెండు విషయాలు అడిగారు. వానలు మొదలైనప్పటి నుంచి రాత్రిపూట వరండా లైటు దగ్గరికి అంగుళం లోపు పొడవున్న గోధుమరంగు పురుగులు వస్తున్నాయి, వెల్లకిలా పడితే టక్కుమని జానెడు ఎత్తు ఎగురుతున్నాయి, మీ పాప భయపడుతోంది, కరుస్తాయా అని ఒకటి. వేరుశనగ చేలో అక్కడక్కడా మొక్కలు వాడుతుంటే తవ్వి చూశారు, పసుపురంగు తీగముక్కల్లాంటి గట్టి పురుగులు నాలుగు దొరికాయి, పురుగుమందుల షాపు ఆయన అవి ఆ ఎగిరే పురుగు పిల్లలేనని చెప్పి గుళికల బస్తా ఇచ్చి వేయమన్నాడు, వేయాలా అని రెండోది. ముప్ఫై ఏళ్లకు పైగా పంట పురుగులతోనే గడిపాను కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను. ఓపిగ్గా చదవండి, గుళికల బస్తా మాత్రం అప్పటిదాకా విప్పకండి.

ముందు పాప సంగతి. ఆ పురుగు కరవదు, కుట్టదు, ఒంటి మీద పాకినా ఏమీ కాదు. టెన్షన్ పడాల్సిన పని లేదు. కానీ ఇదే వానాకాలంలో ఇదే లైటు దగ్గరికి వచ్చే ఇంకో పురుగు ఉంది, దాని విషయంలో జాగ్రత్త. చీమలా సన్నగా ఉంటుంది, ఒళ్లు నారింజరంగు, తల, తోక చివర నలుపు, నడుం మీద ముదురు నీలం పట్టీ. పేరు పేడెరస్. అదీ కుట్టదు. అయితే మెడ మీద వాలిందని చేత్తో రుద్దితే దాని ఒంట్లోని రసం తగిలి మర్నాటికల్లా చర్మం మంటెత్తి బొబ్బలు వస్తాయి. దాన్ని నలపకుండా ఊది పంపేయాలి, తగిలిన చోట సబ్బుతో కడగాలి. పాపకు ఈ రెండు పురుగులకూ తేడా చూపించండి. టక్కుమనే పురుగుతో ఎంతసేపైనా ఆడుకోవచ్చు.

మేమూ ఆడుకున్నాం. రాయలసీమలో మా ఊళ్లో దాన్ని చిటిక పురుగు అనేవాళ్లం. మీ వైపు వేరే పేరు ఉండొచ్చు. ఇంగ్లీషులో క్లిక్ బీటిల్, శాస్త్రంలో దాని కుటుంబం పేరు ఎలాటెరిడే. అరుగు మీద వెల్లకిలా పడేసి, ఎగిరి కాళ్ల మీద పడుతుందా, మళ్లీ వీపు మీదే పడుతుందా అని పందెం కాసేవాళ్లం. పందెం గోళీకాయలతోనే అనుకోండి. ఆ చిటిక అనే పేరు ఎంత సరిగ్గా పెట్టారో నాకు చదువుకున్నాక గానీ తెలియలేదు.

చిటిక ఎలా వేస్తాం? బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య ఒత్తిడి పెంచుతాం. రాపిడి ఆ రెండింటినీ కాసేపు కదలకుండా పట్టి ఉంచుతుంది. ఒత్తిడి ఒక హద్దు దాటగానే వేలు జారి అరచేతిని ఠక్కున కొడుతుంది. వేలిని నేరుగా ఎంత గట్టిగా కదిపినా ఆ వేగం రాదు. ముందు బిగించి దాచుకున్న బలం ఒక్కసారిగా విడుదల కావడం వల్లే వస్తుంది. ఈ పురుగు చేసేది అచ్చంగా ఇదే. దాన్ని వెల్లకిలా పట్టుకుని భూతద్దంలో చూస్తే మొదటి జత కాళ్ల మధ్య నుంచి వెనక్కి పొడుచుకొచ్చిన చిన్న మేకు కనిపిస్తుంది. దాని వెనకే, రెండో జత కాళ్లకు ముందు, ఆ మేకు దిగడానికి సరిపోయే గుంట ఉంటుంది. పురుగు నడుం విల్లులా వంచినప్పుడు మేకు గుంటలోంచి పైకి వచ్చి, దాని అంచు మీద ఆనుకుని ఆగుతుంది. లోపల ఒక పెద్ద కండరం నెమ్మదిగా బిగుసుకుంటూ పోతుంది. ఆ బిగువుకు మెడ దగ్గరి గట్టి కవచం కొద్దిగా వంగి, లాగిన వింటినారిలా బలాన్ని దాచుకుంటుంది. మేకు అంచు మీంచి జారిన మరుక్షణం అంతా విడుదలవుతుంది. మేకు గుంటలోకి దిగుతుంది, ఒళ్లు రెండో వైపుకు మడత పడుతుంది, పురుగు గాల్లోకి లేస్తుంది. ఎగరడంలో కాళ్లకూ రెక్కలకూ ఏ పనీ లేదు.

1972లో ఇంగ్లండులో ఎవాన్స్ అనే శాస్త్రవేత్త ఏథస్ జాతి పురుగు ఎగురును కొలిచారు. అర అంగుళం అటూ ఇటూ ఉండే పురుగు 30 సెంటీమీటర్ల దాకా ఎగిరింది. ఆ క్షణంలో దాని త్వరణం భూమి ఆకర్షణకు దాదాపు 380 రెట్లు. రాకెట్‌లో పైకి వెళ్లే వ్యోమగామి మీద పడేది మూడు నాలుగు రెట్లే. 2021లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు షికాగో దగ్గరి ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో బలమైన ఎక్స్‌రే కిరణాలతో, బతికున్న పురుగు లోపల ఆ మేకు జారడాన్ని వీడియో తీశారు. అదే బృందంలోని వాళ్లు తర్వాత ఈ పద్ధతితో ఎగిరే బుల్లి రోబోలను కూడా తయారుచేశారు.

మా పందెం సంగతికి వస్తే, 2011లో ఇజ్రాయెల్ పరిశోధకులు దానికీ లెక్క తేల్చారు. ఈ పురుగు ఎగిరేది దాదాపు నిటారుగానే. ఏ కోణంలో ఎగరాలో, ఎలా దిగాలో దాని చేతిలో లేదు. గాల్లో గిరగిరా పల్టీలు కొడుతుంది. కాళ్ల మీద పడేది ఇంచుమించు సగం సార్లే. అంటే నాణెం ఎగరేసినట్టే, మేము ఆడిన పందెం న్యాయమైనదే. మరి ఇంత కష్టం లేవడానికేనా అంటే, అందుకొక్కటే కాదు. బల్లి నోట్లో పడ్డప్పుడు ఈ దెబ్బ కొడితే పట్టు వదిలిపోతుంది. మీ వేళ్ల మధ్య పట్టుకుని చూడండి, తల టకటకా ఆడిస్తుంది. ఆ అదురుకు మనమే ఉలిక్కిపడి వదిలేస్తాం.

ఇప్పుడు అసలు విషయం, మీ చేను.

షాపు ఆయన చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. చిటిక పురుగు పిల్లలు మట్టిలోనో పుచ్చిన చెక్కలోనో పెరుగుతాయి. సన్నగా, నున్నగా, రాగితీగ ముక్కలా గట్టిగా ఉంటాయి కాబట్టి వాటిని వైర్‌వార్మ్ అంటారు. నేను తీగపురుగు అంటాను. వాటిలో కొన్ని జాతులు విత్తనాలను, వేళ్లను, దుంపలను తొలుస్తాయన్నదీ నిజమే. యూరప్‌లో ఏగ్రియోటిస్ జాతులు బంగాళాదుంపకు పెద్ద శత్రువులు. దుంపను బయటినుంచి చూస్తే చిన్న రంధ్రం, కోస్తే లోపలంతా సొరంగాలు. ఇంగ్లండు చలిలో అవి మట్టిలో నాలుగైదేళ్లు పిల్లపురుగుగానే ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో తిండిగింజల కోసం బ్రిటన్‌లో పచ్చిక బీళ్లను పెద్ద ఎత్తున దున్నించినప్పుడు, ఆ బీళ్లలో ఏళ్ల తరబడి గడ్డివేళ్లు తిని పెరిగిన తీగపురుగులు కొత్తగా వేసిన గోధుమ మీద పడ్డాయి. ఏ పొలంలో ఎన్ని ఉన్నాయో ముందే తెలుసుకోవడానికి ప్రభుత్వం దేశమంతా మట్టి తీయించి లెక్కపెట్టించింది. ముందు లెక్క, తర్వాతే విత్తనం. ఆ క్రమం నాకు చాలా నచ్చుతుంది.

కానీ ప్రపంచంలో చిటిక పురుగు జాతులు దాదాపు పదివేలు ఉన్నాయి. పంటను తినేవి వాటిలో కొన్నే. మిగతావాటిలో చాలా జాతుల పిల్లలు పుచ్చిన చెక్కను, ఎండుటాకుల కుళ్లును పట్టుకుని బతుకుతాయి. ఇంకా ఎన్నో జాతులు వేటగాళ్లు, అంటే ఇతర పురుగుల పిల్లలను తినేవి. దీనికి మన దగ్గరి ఉదాహరణే ఉంది. కోనసీమ కొబ్బరితోటల్లో కొమ్ము పురుగు ఎంత నష్టం చేస్తుందో మీరు వినే ఉంటారు. అది పేడకుప్పల్లో, కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లనూ లేత పిల్లలనూ తినే సహజ శత్రువుల జాబితాలో ఏగ్రిప్నస్ అనే చిటిక పురుగు కూడా ఉంది. రైతు ఆ కుప్పలో దాన్ని చూసి తీగపురుగు అని చంపితే, తన కాపలావాడిని తానే చంపుకున్నట్టు.

మీకు దొరికినవి అసలు తీగపురుగులేనా అన్నది ఇంకో ప్రశ్న. మన మెట్ట చేలల్లో దాన్ని పోలిన పురుగు మరొకటి ఎక్కువగా కనిపిస్తుంది. నల్లటి, మట్టిరంగు నేల పెంకు పురుగులు ఉంటాయి కదా, టెనెబ్రియోనిడే కుటుంబం, వాటి పిల్లలు. అవీ పసుపుగా, గట్టిగా, పొడవుగానే ఉంటాయి. అందుకే వాటిని దొంగ వైర్‌వార్మ్ అంటారు. తేడా తల దగ్గర తెలుస్తుంది. అసలు తీగపురుగు తల పలకలా చదునుగా ముందుకు చాచినట్టుంటుంది. దొంగదాని తల గుండ్రంగా కిందికి వంగి ఉంటుంది, మొదటి జత కాళ్లు మిగతా కాళ్లకంటే పెద్దవిగా, తవ్వడానికి వీలుగా ఉంటాయి. ఆ తర్వాత తోక చూడాలి. అసలు తీగపురుగుల్లో కొన్నిటి తోక సూదిలా మొన తేలి ఉంటుంది, కొన్నిటికి చివర నొక్కుపడ్డ చిన్న పలక ఉంటుంది. పురుగుల్ని గుర్తుపట్టేవాళ్లు ముందు అడిగేది ఈ తోక ఫొటోనే. ఇక తెల్లగా లావుగా సున్నా చుట్టినట్టు ఉంటే అది వేరుపురుగు, మెత్తగా ఉండి పొట్ట కింద కూడా కాళ్లుంటే కత్తెర పురుగు లాంటి లద్దెపురుగు. లెక్కలేనన్ని కాళ్లతో చుట్ట చుట్టుకునేది రోకలిబండ, దాన్ని ఎవరూ పొరబడరు.

ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అనంతపురం జిల్లాలో ఒక రైతు ఇలాగే వాడిన వేరుశనగ చూపించాడు. నేను గడ్డపారతో నాలుగు పెళ్లలు లేపాను, పసుపు పురుగులు రెండు కనిపించాయి. పుస్తకంలో చదివిన పేరు నోటికొచ్చింది. ఫోరేట్ గుళికలు వేయమన్నాను. ఆయన అప్పుచేసి తెచ్చి మూడెకరాలకూ వేశాడు. మూడు వారాల తర్వాత వెళితే ఇంకా ఎక్కువ మొక్కలు చచ్చి ఉన్నాయి. నాతో వచ్చిన పెద్దాయన, మా పై అధికారి, ఏమీ మాట్లాడకుండా చచ్చిన మొక్క ఒకటి పీకి, మొదలు దగ్గర వేలితో రాసి ఆ వేలు నాకు చూపించారు. మసి అంటినట్టు నల్లగా ఉంది. మొదలుకుళ్లు తెగులు. అది బూజు వల్ల వస్తుంది, పురుగుమందుకు లొంగదు. విత్తనశుద్ధి చేసి ఉంటే, అంటే విత్తే ముందే విత్తనానికి మందు పట్టించి ఉంటే, చాలావరకు ఆగేది. నేను చూసిన రెండు పురుగులూ చచ్చిన మొక్క కుళ్లును తినడానికి వచ్చినవి. దొంగతనం జరిగాక ఇంటికి వచ్చినవాణ్ని దొంగ అన్నట్టయింది. ఆ రైతు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మంచినీళ్లు ఇచ్చి పంపాడు. ఆ నీళ్లు గుర్తొస్తే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

అందుకే చెప్తున్నాను, పురుగును కాదు, ముందు మొక్కను చూడండి. పూర్తిగా చచ్చినవి వద్దు, అప్పుడే వాడుతున్నవి పది పన్నెండు, చేలో వేర్వేరు చోట్ల నుంచి, చుట్టూ మట్టితో సహా లేపండి. మొదలు దగ్గర నల్లటి పొడి ఉంటే మొదలుకుళ్లు. తెల్లటి దారపు బూజు, ఆవగింజల్లాంటి గోధుమరంగు గుండ్లు ఉంటే కాండం కుళ్లు. మొక్క పట్టుకుంటేనే ఊడి వచ్చి, పిల్లవేళ్లన్నీ కొరికేసి ఉంటే వేరుపురుగు. తల్లివేరు లోపల డొల్లగా ఉండి మట్టి నిండి ఉంటే చెదలు. భూమిలో ఉన్న కాండానికో, గింజకో, కాయకో సూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రం ఉండి, ఆ పక్కనే మట్టిలో బతికున్న పురుగు దొరికితే అప్పుడు తీగపురుగును అనుమానించండి. పదింట్లో ఒకదాని దగ్గరే కనిపిస్తే అది కారణం కాదు.

ఇంకో ప్రశ్న నేను మిమ్మల్ని అడగాలి. నాలుగు పురుగులు అన్నారు, ఎంత తవ్వితే దొరికాయి? ఒక్క పెళ్లలో నాలుగు వేరు, అర ఎకరం తిరిగితే నాలుగు వేరు. చేలో మూలలూ మధ్యా కలిపి పది చోట్ల, చదరపు అడుగు వెడల్పు, జానెడు లోతు మట్టి తీసి జల్లెడ పట్టండి. ఎక్కడ ఎన్ని దొరికాయో కాగితం మీద రాయండి. పిల్లలకు ఈ పని ఇస్తే ఉత్సాహంగా చేస్తారు, మీ పాపను కూడా తీసుకెళ్లండి.

పంట లేనప్పుడైతే దీనికంటే తేలిక మార్గం ఉంది. గుప్పెడు జొన్నలు, గుప్పెడు మొక్కజొన్న గింజలు రాత్రంతా నానబెట్టి, నాలుగు అంగుళాల గుంటలో వేసి మట్టి కప్పి పుల్ల గుచ్చాలి. వారానికి తవ్వి చూడాలి. మొలకెత్తే గింజలు బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. తీగపురుగుకు చీకటి మట్టిలో కళ్లతో పని లేదు, ఆ వాయువు ఎటునుంచి వస్తే అటు పాకుతుంది. కెనడా శాస్త్రవేత్తలు 1970ల్లోనే దీన్ని నిరూపించారు. అయితే పంట నిలబడి ఉన్న చేలో ఈ ఎర సరిగా పనిచేయదు, ఎందుకంటే చుట్టూ వేల వేళ్లు అదే వాయువును వదులుతుంటాయి. కాబట్టి ఇది వచ్చే విత్తనానికి ముందు చేయండి.

మందుల గురించి సూటిగా చెప్తాను. నేను ఆనాడు చెప్పిన ఫోరేట్ మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధం. ఎవరైనా పాత సరుకు అంటగడితే తీసుకోకండి, అది మనుషులకూ ప్రాణాంతకమే. విత్తనానికి పట్టించే కొత్త రకం మందులు ఉన్నాయి కదా అంటారు. వాటి మీద కెనడాలో బ్రిటిష్ కొలంబియాలోని అగాసీ పరిశోధన కేంద్రం వాళ్లు ఏళ్ల తరబడి పనిచేశారు. అక్కడ లిండేన్ అనే పాత పురుగుమందు వాడకం 2004లో ఆగిపోయాక నియోనికోటినాయిడ్ మందులతో విత్తనశుద్ధి మొదలైంది. పంట బాగానే వచ్చింది, అందరూ తీగపురుగులు చచ్చాయనుకున్నారు. తీరా చూస్తే చాలా పురుగులు చావలేదు, మత్తులో పడి వారాలు, నెలలు కదలకుండా ఉండి మళ్లీ లేచాయి. ఆ ఏటి పంట గట్టెక్కింది గానీ పురుగు మట్టిలోనే ఉండిపోయింది. కాబట్టి మీ చేలో నిజంగా లెక్కకు మించి ఉన్నాయని తేలితే మందు కంటే ముందు దుక్కి గురించి ఆలోచించండి. వేసవిలో లోతుగా దున్నితే పురుగులు పైకి వచ్చి ఎండకు చస్తాయి. నాగలి వెనకే కొంగలు, గోరింకలు దిగి ఏరుకు తింటాయి. ఆ పక్షులను తరమకండి. కలుపుగడ్డి ఏళ్ల తరబడి పెరిగిన బీడును దున్నిన వెంటనే అక్కడ వేరుశనగ, దుంప పంటలు వేయకండి. మగ్గని పేడ తోలకండి, అది వేరుపురుగును కూడా పిలుస్తుంది. మెటారైజియం అనే, పురుగులను చంపే మిత్ర బూజును బాగా మగ్గిన పశువుల ఎరువులో కలిపి తడి ఉన్నప్పుడు వేయడం మంచి పద్ధతి. ఇంకా మందే కావాలంటే మీ మండల వ్యవసాయాధికారికో దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికో పురుగును సీసాలో పట్టుకెళ్లి చూపించి, వాళ్లు రాసిచ్చిన మందు, రాసిచ్చిన మోతాదు మాత్రమే వాడండి.

మట్టిలో వేసే మందు విషయంలో నేనింత వెనకాడటానికి ఇంకో కారణం చిటిక పురుగు చుట్టాలు.

మిణుగురు దానికి దగ్గరి చుట్టం అంటే చాలామంది నమ్మరు. ఒకటి గట్టి పెంకు, ఇంకోటి వేలితో నొక్కితే నలిగిపోయేంత మెత్తన. కానీ రెండూ ఎలాటెరాయిడియా అనే ఒకే పెద్ద వంశంలో కుటుంబాలు. ఈ వంశంలో గట్టి ఒళ్లు విడిచి మెత్తబడటం ఒక్కసారి కాదు, వేర్వేరు కొమ్మల్లో వేర్వేరుగా జరిగింది. మెత్తబడ్డవాటిలో ఆ మేకూ గుంటా పనిచేయవు, అవి టక్కుమని ఎగిరిపడలేవు. వాటిలో కొన్ని వెలుగును పట్టుకున్నాయి, కొన్ని చేదును. ఎర్రటి వల లాంటి గీతల రెక్కలున్న లైసిడే పురుగులు నోట్లో పెట్టుకోలేనంత చేదు. పక్షులు ఒకసారి రుచి చూస్తే మళ్లీ ముట్టవు, ఆ ధైర్యంతో పట్టపగలు ఆకుల మీద నింపాదిగా తిరుగుతాయి. వీటిలోనే ట్రైలోబైట్ బీటిల్ అని పేరుపడ్డవి ఉన్నాయి. వాటి ఆడది జీవితమంతా పిల్లపురుగు రూపంలోనే, కవచం కప్పుకున్నట్టు ఉంటుంది. దానికి రెక్కలు ఎప్పటికీ రావు. సోల్జర్ బీటిల్ అనే కాంథారిడే కుటుంబం పూల మీద కనిపిస్తుంది. యూక్నెమిడే అనే మరో కుటుంబం చూడ్డానికి చిటిక పురుగులాగే ఉంటుంది, వాటిలో కొన్ని టక్కుమనడం కూడా చేతనైనవే.

చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచుకునే బంగారు పురుగును కూడా కొందరు ఇదే జాతి అనుకుంటారు, ఒంటి ఆకారం అలా ఉంటుంది కాబట్టి. అది బుప్రెస్టిడే, వేరే వంశం. దాని మెడ నడుంతో గట్టిగా బిగిసి ఉంటుంది, టక్కుమనదు. దాని పచ్చటి రెక్కపెంకులు కుట్టిన చీరలూ గౌనులూ ఒకప్పుడు మన దేశం నుంచి విదేశాలకు వెళ్లేవి. 1903 ఢిల్లీ దర్బారులో లేడీ కర్జన్ వేసుకున్న నెమలి గౌనులో మెరిసినవి అవే.

చిటిక పురుగుల్లోనూ వెలిగేవి ఉన్నాయి, మన దగ్గర కాదు, ఎక్కువగా అమెరికా ఖండాల వెచ్చటి ప్రాంతాల్లో. పైరోఫోరస్ అంటారు. మెడ మీద రెండు దీపాలు మిణుకుమిణుకుమనకుండా కారు హెడ్‌లైట్లలా నిలకడగా వెలుగుతాయి, ఎగిరేటప్పుడు పొట్ట కింద మూడోది వెలుగుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త రఫాయెల్ డుబ్వా 1880ల్లో ఈ పురుగు దీపాలను నూరి చూసే, వెలుగుకు రెండు పదార్థాలు కలవాలని కనిపెట్టారు. ఒకటి లూసిఫెరిన్, ఇంకొకటి లూసిఫెరేజ్. మిణుగురు వెలిగేది కూడా లూసిఫెరిన్‌తోనే. కానీ 2018లో రెండు రకాల మిణుగురులనూ, పోర్టోరికోలోని వెలిగే చిటిక పురుగునూ తీసుకుని వాటి జన్యువులు మొత్తం చదివితే, ఈ వెలుగు రెండు కుటుంబాల్లోనూ విడివిడిగా పుట్టినట్టు తేలింది. ఒకే ఇంటి అన్నదమ్ములు ఎవరి దీపం వాళ్లు వెలిగించుకున్నారన్నమాట.

బ్రెజిల్‌లో ఎమాస్ జాతీయ ఉద్యానవనం ఉంది. అక్కడ వానలు మొదలయ్యే రోజుల్లో రాత్రిపూట మనిషెత్తు చెదపుట్టలు వందల ఆకుపచ్చ చుక్కలతో వెలుగుతాయి. ఆ చుక్కలు ఒక చిటిక పురుగు పిల్లలు, పైరియారినస్ జాతి. పుట్ట పైపొరలో చిన్న బొరియల్లో ఉండి మెడ బయటపెట్టి వెలిగిస్తాయి. మనకు తొలకరికి ఉసిళ్లు లేచినట్టే అక్కడా రెక్కల చెదలు లేస్తాయి. అవి ఈ వెలుగుకు వచ్చి నేరుగా వాటి నోట్లో పడతాయి. పంట తినే తీగపురుగుకు ఇది అక్కాచెల్లెలి బిడ్డ వరస.

ఇక మన మిణుగురు. మనం చూసేది దాని చివరి కొద్ది రోజులనే. అంతకుముందు ఎన్నో నెలలు అది తడి మట్టిలో, గట్ల మీద, ఎండుటాకుల కింద పిల్లపురుగుగా తిరుగుతూ నత్తలను, మెత్తటి పురుగులను వేటాడుతుంది. నత్తను కరిచి రసం ఎక్కించి కదలకుండా చేసి తింటుంది. లాంప్రిజెరా అనే పెద్ద జాతి మిణుగురు పిల్లలు, కూరగాయల తోటలకు బెడదగా మారిన ఆఫ్రికా రాక్షసి నత్తను కూడా తింటాయి. పిల్లపురుగు కూడా వెలుగుతుంది, తోక దగ్గర రెండు చిన్న చుక్కలు. మీరు మట్టిలో గుళిక వేస్తే అది తీగపురుగు దగ్గర ఆగి, ఏగ్రిప్నస్‌నూ మిణుగురు పిల్లనూ వదిలిపెట్టి వెళ్లదు. మట్టిలో ఉన్న ఆ వంశం మొత్తం మీద పడుతుంది. ముప్ఫై ఏళ్ల కిందట మా ఊరి కాలువగట్టు మీద వానాకాలం రాత్రుల్లో లాంతరు లేకుండా నడిచేవాళ్లం. ఇప్పుడు గట్టు మీద వీధిలైట్లు ఉన్నాయి. ఆ వెలుగులో మగ మిణుగురుకు ఆడదాని సంకేతం కనిపించదు. దానికి మందులు కూడా తోడైతే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

అందుకే మీ వరండా లైటు గురించి కూడా ఒక మాట. రాత్రి తొమ్మిదికి ఆపేయండి, లేదా తెల్లటి బల్బు తీసి పసుపుది పెట్టండి. చిటిక పురుగులు, ఉసిళ్లు, పేడెరస్‌లు అన్నీ తగ్గుతాయి, పాపకు భయం పోతుంది. లైటుకు వచ్చే చిటిక పురుగును చూసి చేలో పురుగుల లెక్క వేయకండి. అది మీ చేలోనే పుట్టి ఉండాలని లేదు, ఊరి చివర పుచ్చిన చింతమొద్దులోంచి వచ్చి ఉండొచ్చు. రెక్కలొచ్చి ఎదిగిన చిటిక పురుగు పంటను తినే రకం కాదు, పూల మీది పుప్పొడి, తేనె లాంటివాటితో గడిపేస్తుంది.

రేపు ఉదయం తడి ఉండగానే పది మొక్కలు లేపి చూడండి. ఒక్కో మొక్క మొదలును నిలువుగా చీల్చి ఫొటో తీయండి. దొరికిన పురుగును తెల్ల కాగితం మీద పెట్టి పైనుంచి ఒకటి, తల పక్కనుంచి ఒకటి, తోక చివర దగ్గరగా ఒకటి, మొత్తం మూడు ఫొటోలు తీయండి. పక్కన రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది. మొదలు దగ్గర నల్లపొడి కనిపిస్తే పురుగు ఫొటోలు అక్కర్లేదు, ముందు అది చెప్పండి. చేలో విత్తనశుద్ధి దేనితో చేశారో, ముందు ఏ పంట వేశారో, ఎన్నాళ్లు బీడుగా ఉంచారో కూడా రాయండి. గుళికల బస్తా విప్పకుండా ఉంటే షాపులో తిరిగి ఇచ్చేయడానికి ఇంకా సమయం ఉంది.